జనవరి ఒకటిన పుట్టినవాళ్లు

2025 జులై 8, మంగళవారం మధ్యాహ్నం 12:40కి ఖదీజా పేరును క్యాన్సర్ మందు ప్రయోగం జాబితాలోంచి పక్కన పెట్టారు. కారణం వయసు. ఈ ప్రయోగంలో 65 ఏళ్లు దాటినవారిని చేర్చుకోరు. ఆధార్ ప్రకారం ఆమెకు 67.

ఖదీజాది పాతబస్తీలోని చాంద్రాయణగుట్ట. రొమ్ము క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. రెండు మందులు వాడారు, పనిచేయలేదు. ప్రయోగంలో ఇచ్చే మందు బయట దొరకదు. అది కాకపోతే మిగిలింది పాత మందు ఒకటే. దానితో ఎన్నాళ్లని కొడుకు సుఫియాన్ అడిగితే డాక్టర్ శ్రవణ్‌కుమార్ నెలల్లో చెప్పారు.

అన్ని దేశాల్లో కలిపి 480 మందిని తీసుకుంటారు. మంగళవారానికి 474 మంది చేరారు.

వయసు సంగతి ఖదీజాకు చెప్పింది భాగ్యశ్రీ. ఆసుపత్రిలో ఈ ప్రయోగానికి మనుషులను చేర్చి, వాళ్ల కాగితాలు చూసే ఉద్యోగం ఆమెది. పాతబస్తీ నుంచి ఎనిమిది నెలల్లో ఒక్కరూ చేరలేదేమని మందుల కంపెనీ జూన్‌లో ఉత్తరం రాసింది. అప్పటికి నాలుగు నెలలుగా ఆమె గల్లీల్లో తిరుగుతోంది. "మందు పరీక్షకు ఎలకలు దొర్కలేవా మేడమ్?" అని అడిగినవాళ్లున్నారు. ఉర్దూలో ఉన్న పన్నెండు పేజీల ఒప్పందం చదివించుకుని సంతకం పెట్టిన మొదటి మనిషి ఖదీజా.

"నీ అసలు వయసెంత ఖాలా?" అని భాగ్యశ్రీ అడిగింది.

"యాభై ఆరు."

"మరి ఆధార్‌ల అరవై ఏడెందుకున్నది?"

"పింఛను కోసం రాపిచ్చిన బేటీ. నేనొక్కదాన్నే కాదు."

ఏడేళ్ల కిందట, యాభై ఏడేళ్లకే పింఛను ఇస్తారన్న మాట ఆ గల్లీకి చేరింది. ఆధార్ క్యాంపులో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి వచ్చినవాళ్లందరికీ అరవై వేశాడు. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. ఆధార్ ప్రకారం ఆ గల్లీలో పదకొండు మంది ఆడవాళ్లు 1958 జనవరి 1న పుట్టారు.

"యాభై ఏడు చాలు గదా. అరవై ఎందుకేసిండు?"

"రేపు సర్కారు అరవై జేస్తే? ముందుగాల్నే ఏసిండు. హుషార్ మనిషి."

భాగ్యశ్రీ ఫైలు మూసింది. మళ్లీ తెరిచింది. "బర్త్ సర్టిఫికెట్ ఉందా? బడి కాగితం? ఏదన్న?"

"నికాహ్ కాగితం ఉండాలె. ఖాజీ సాబ్ దఫ్తర్‌ల."

బుధవారం ఉదయం 10:30కి సుఫియాన్ టైర్ల దుకాణం మూసి ఖాజీ కార్యాలయానికి వెళ్లాడు. తల్లి, భాగ్యశ్రీ కూడా వెళ్లారు. నికాహ్‌లు నమోదు చేసే రిజిస్టర్లు అక్కడ ఏడాదివారీగా ఉన్నాయి. నలభై నిమిషాల్లో పేజీ దొరికింది. 1985 మార్చి. పెళ్లికూతురి వయసు 18. ఆ లెక్కన ఇప్పుడు 58.

"గదీ సహీ కాదు బేటీ," అంది ఖదీజా. "అప్పుడు నాకు పదహారే. మా అబ్బా రెండు ఎక్కువ చెప్పిండు."

"ఖాలా, నీకు దండం పెడ్తా. ఇంకో వయసు చెప్పకు."

కాగితం ఉర్దూలో ఉంది. ఫోన్లో విషయం విన్న డాక్టర్, నకలుతో పాటు నోటరీ అఫిడవిట్ కూడా కావాలన్నారు. ఆధార్‌లో వయసు ఎందుకు తప్పు పడిందో అందులో రాయాలి. అంటే పింఛను సంగతి రాయాలి.

సుఫియాన్ ఒప్పుకోలేదు. "గది రాస్తే పింఛను బంద్ అయితది. మా ఒక్కింటిదే గాదు మేడమ్. రేపు మిగిలిన పది మందివి గూడ తీస్తరు. అందరు మా గడప మీద కూసుంటరు. మేం గా గల్లీలనే బత్కాలె."

"పది మంది పేర్లు ఎవరు రాస్తున్నరు?" అంది ఖదీజా. "నా వయసు నేను రాస్తున్న. వాళ్లది వాళ్లు చూసుకుంటరు."

"పింఛను పోతది అమ్మీ."

"నేను పోతే పింఛను ఉంటదారా?"

సుఫియాన్ వెళ్లి ఆటో పిలిచాడు. నోటరీ ముందు ఆమె సంతకం పెట్టింది. మధ్యాహ్నం 3:15కి కాగితాలు కంపెనీకి వెళ్లాయి. అప్పటికి చేరినవారు 476.

గురువారం ఉదయం 9:50కి జవాబు వచ్చింది. అందులో రెండు ప్రశ్నలున్నాయి. ఖాజీ ప్రభుత్వం గుర్తించిన అధికారేనా? ఇంగ్లిష్ అనువాదం ఏది?

భాగ్యశ్రీ కంపెనీ ప్రతినిధికి ఫోన్ చేసింది. "సార్, ఖాజీని సర్కారే పెడ్తది. నిన్న ఫోన్ జేసి చెప్పిన, మెయిల్‌ల రాసిన. మళ్ల అడుగుతున్నరేంది?"

ఖాజీ నియామకపు ఉత్తర్వు నకలు కావాలన్నాడు ఆయన.

"పాతబస్తీ వాళ్లు ఎందుకొస్తలేరని మీరే రాసిన్రు గదా సార్. ఒకామె వచ్చింది. పింఛను వదులుకోని వచ్చింది."

అది వేరే విభాగం రాసిన ఉత్తరమని ఆయన చెప్పాడు.

నియామకపు ఉత్తర్వు సుఫియాన్ తెచ్చాడు. సర్టిఫికెట్ ఉన్న అనువాదకుడు మలక్‌పేటలో దొరికాడు. వాళ్ల అమ్మాయి నిశ్చితార్థంలో ఉన్నాడు. భోజనాలయ్యాక కూర్చుని పూర్తి చేశాడు. సాయంత్రం 6:05కి కాగితాలు మళ్లీ వెళ్లాయి. చేరినవారు 478.

శుక్రవారం ఉదయం 8:30కి ఖదీజా ఆసుపత్రికి వచ్చింది. పిలిస్తే అప్పటికప్పుడు రక్తం ఇవ్వడానికి పరగడుపున వచ్చింది. బెంచీ మీద కూర్చుంది. పదిన్నరకు భాగ్యశ్రీ వచ్చి ఏమన్నా తినమంది.

"పిలిస్తే?"

"పిలిస్తే చూద్దాం."

"నాలుగు నెలలు నువ్వు నా ఎంబడి తిరిగినవ్. ఒక్క పూట నన్ను కూసోనియ్యి."

11:20కి మరో దేశంలోని ఆసుపత్రిలో 480వ మనిషి చేరాడు. చేర్చుకోవడం ఆపేసినట్టు కంప్యూటర్‌లో కనిపించింది. భాగ్యశ్రీ పావుగంట తర్వాత బయటికి వచ్చి చెప్పింది. ఖదీజా రెండుసార్లు అడిగి తెలుసుకుంది. తర్వాత సుఫియాన్ తెచ్చిన ఇడ్లీ తింది.

శనివారం ఉదయం 9:05కి కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. నికాహ్ నకలును వయసు రుజువుగా అంగీకరించినట్టు అందులో ఉంది.

ఆ రోజే భాగ్యశ్రీ ఖదీజా ఫైలు ముగించాల్సి వచ్చింది. రోగి ఎందుకు చేరలేదో కంప్యూటర్‌లో ఒక కారణం ఎంచుకోవాలి. వయసు అన్నది నొక్కితే తీసుకోలేదు. వయసు రుజువు అప్పటికే అంగీకరించారు. మిగిలినవి మూడు. పరీక్షల ఫలితాలు సరిపోలేదు. రోగి మరణించారు. రోగికి ఆసక్తి లేదు. ఏదో ఒకటి నొక్కనిదే ఫైలు మూసుకోదు. ఆమె డాక్టర్‌ను అడిగింది. కంపెనీ ప్రతినిధిని అడిగింది. మూడోది నొక్కమని ఇద్దరూ చెప్పారు.

జులై 14, సోమవారం ఉదయం 11:30కి ఖదీజాకు పాత మందు ఎక్కించడం మొదలుపెట్టారు.