సుల్తాన్ ఒంటి మీద గులాబీ గళ్ళు

భాగ్యశ్రీ స్టూడియోలోని స్టూలును తీసుకెళ్లి వెనక గదిలో పెట్టేసింది. అడిగినవాళ్లకు కాలు విరిగిందని చెప్పింది. స్టూలు కాళ్లు నిక్షేపంగా ఉన్నాయి.

లాల్‌దర్వాజా సందులో ఆనందరావు ఫోటో స్టూడియోకు సగం పేరు ఆ స్టూలు వల్లే వచ్చింది. అది కంప్యూటర్ పక్కన ఉండేది. ఫోటో దిద్దించుకోవడానికి వచ్చినవాళ్లు దాని మీద కూర్చుని, తెర వైపు వేలు చూపిస్తూ, "మా పిల్లను జర తెల్లగ చెయ్యి", "మా ఆయన పొట్ట జర లోపలికి నూకు" అని పురమాయించేవాళ్లు. వాళ్ల నోటి నుంచి "బస్, గిట్ల మంచిగుంది" అన్న మాట వచ్చేదాకా ఏ ఫోటో ప్రింటుకు పోయేది కాదు. ఇన్నేళ్లూ అక్కడ ఫోటోలు దిద్దుతూ ఆ పురమాయింపులన్నీ నవ్వుతూ భరించిన భాగ్యశ్రీ, దసరా వెళ్లాక ఉన్నట్టుండి "ఫోన్‌కు పంపిస్త, ఇంట్ల చూసుకోండ్రి" అనడం మొదలుపెట్టింది. జనం గొణుక్కున్నారు. ఆనందరావు ముందు కౌంటర్‌లో గిరాకీతో సతమతమవుతూ పట్టించుకోలేదు. కంప్యూటర్ తెర గోడ వైపు తిరిగి ఉంటుంది, దాని జోలికి ఆయన ఎప్పుడూ రాడు.

అసలు సంగతి ఏమిటంటే, తన కళ్ళు పోతున్నాయని భాగ్యశ్రీ గట్టిగా నమ్మింది.

ఒక పెళ్లికూతురి ఫోటో దిద్దుతుంటే ఆ పిల్ల చెంప మీద ఆకుపచ్చ గళ్ళు కనబడ్డాయి. కళ్ళు నులుముకుని ఫోటోను కొంచెం పక్కకు జరిపితే పోయాయి. పెద్దది చేసి చూస్తే మళ్లీ వచ్చాయి, ఈసారి నుదుటి మీద నల్లటి పట్టీతో సహా. ప్రింటు తీసి చూస్తే బొమ్మ కడిగిన ముత్యంలా ఉంది. ఆనందరావు కూడా దాన్ని చేతిలోకి తీసుకుని "మస్తొచ్చిందమ్మా" అన్నాడు. ఫోన్‌కు పంపుకుని చూసింది. అక్కడా ఏ మచ్చా లేదు. ఫోటో బాగుంది, ప్రింటు బాగుంది, ఇక చెడిపోయింది తన కళ్ళేనని తేల్చేసుకుంది.

మరి మధ్యలో ఆ తెర ఒకటి ఉంది కదా అని మనం అడగొచ్చు. భయపడ్డ మనిషికి ఆలోచన అంత దూరం పోదు. పైగా ఇంట్లో తల్లి కాశమ్మ ఉంది. సరిగ్గా ఈ వయసులోనే నీటికాసుల జబ్బొచ్చి ఆమె చూపు పోయింది. "మొదలు పక్కలకెల్లి నల్లగయింది బిడ్డా" అని ఆమె ఎప్పుడో చెప్పిన మాట కూతురి చెవుల్లో ఉండిపోయింది. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. పొయ్యి వెలిగేది భాగ్యశ్రీ పని మీద, ఆ పని నడిచేది కళ్ళ మీద. కంటి డాక్టరు దగ్గరికి పోతే ఆయన కూడా ఔననేస్తాడేమోనని ఆమె పోలేదు. తన పక్కన ఎవరైనా కూర్చుంటే, లేని గళ్ళను తుడవబోయి దొరికిపోతానని స్టూలు దాచింది.

గౌలిపుర లలితమ్మ దగ్గర మాత్రం ఈ ఎత్తు పారలేదు. ఆమెది తరతరాల పాల వ్యాపారం. దీపావళి వెళ్లాక సదర్ పండుగకు వాళ్ల దున్నపోతు సుల్తాన్‌ను ముస్తాబు చేసి ఊరేగిస్తారు. దానికోసం సందు మొగదల కట్టే ఫ్లెక్సీ మీద సుల్తాన్ ఎలా ఉండాలో చెప్పడానికి ఆమె స్వయంగా వచ్చింది. ఆ పూట ఆనందరావు ఫంక్షన్ హాలుకు ఫోటోలు తీయడానికి పోయాడు.

"స్టూల్ ఏదే?" అంది రాగానే.

"కాలు ఇరిగిందమ్మా. మీరు గా బెంచి మీద కూసోండ్రి, అయినంక ఫోన్‌కు పంపిస్త."

"ఫోన్ల మా సుల్తాన్ ఎలక పిల్ల లెక్క కనవడ్తడు. నేను గీడనే కూసుంట."

ఆపేలోపే వెనక గదిలోకి పోయి స్టూలు తెచ్చుకుంది. నేల మీద పెట్టి రెండు చేతులతో ఊపి చూసింది. "నాలుగు కాళ్లూ మంచిగున్నయ్ గదనే! నా బరువుకు ఇరుగుతదనుకున్నవా?" అని దాని మీద కుదురుగా కూర్చుంది.

భాగ్యశ్రీ చేసేది లేక కుర్చీలో కూర్చుంది. ఫోటో తెరిచింది. నూనె పట్టించిన నల్లటి ఒళ్ళు, మెడలో గవ్వల దండ, కొమ్ములకు నెమలి ఈకలు. సుల్తాన్ నిజంగానే సుల్తాన్‌లా నిలబడ్డాడు. వీపు మీది మెరుపు దిద్దుదామని పెద్దది చేసిందో లేదో, గళ్ళు వచ్చేశాయి. ఈసారి గులాబీ రంగువి. ఏమీ చూడనట్టే మొహం పెట్టి, అంచనా మీద బ్రష్ తిప్పుతూ కూర్చుంది.

"ఆగాగు," అంది లలితమ్మ. "మా సుల్తాన్‌కు గీ గళ్ళ లుంగీ ఎందుకు కట్టినవ్?"

భాగ్యశ్రీ చెయ్యి ఆగిపోయింది. "ఏ గళ్ళమ్మా?"

"గవే, వీపు మీద గులాబీవి. తోక దిక్కు ఆకుపచ్చయి గూడ ఉన్నయ్. బస్తీల నా ఇజ్జత్ తీస్తవా ఏంది?"

"మీకు గూడ కనవడ్తున్నయా? నిజంగ కనవడ్తున్నయా?"

లలితమ్మకు రోషం వచ్చింది. "ఎందుకు కనవడయ్? కండ్లకు మోతిబిందు ఆపరేషన్ చేయించుకున్న. చార్మినార్ గడియారంల టైమెంతయిందో గీడికెల్లి చెప్త!"

భాగ్యశ్రీ రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నాళ్లూ గుండెల మీద మోస్తున్న బండ దిగిపోయింది. ఆ సంగతి తెలియక లలితమ్మ బెంబేలెత్తిపోయింది.

"అయ్యో, నేనేమన్ననే ఇప్పుడు? గళ్ళుంటే ఉండనీ తియ్. లుంగీ కట్టుకున్నా మావోడు మంచిగనే ఉంటడు. నువ్వు ఏడువకు."

ఏడుపు మధ్యలో భాగ్యశ్రీకి నవ్వొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని కుర్చీ ముందుకు లాక్కుంది. భయం పోయేసరికి బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. పని తొందరగా సాగుతుందని దసరాకే కదా ఆనందరావు కంప్యూటర్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించింది! ఆయుధపూజ నాడు డబ్బాకు బొట్టు పెట్టి, నిమ్మకాయ కూడా కట్టాడు. గళ్ళు మొదలైంది ఆ తర్వాతే. ఇంత చిన్న విషయం తోచనందుకు తనను తాను కడుపారా తిట్టుకుంది. తిట్లలో కూడా సంతోషమే ఉంది.

"ఫోటో ఖరాబు కాలేదమ్మా," అంది. "తెర మీద బొమ్మ చూపెట్టే పని గీ కొత్త కార్డుది. గదే తప్పు చూపెడ్తున్నది. గందుకే ప్రింటుల రావు, ఫోన్ల రావు."

"మరి దాన్ని పని మానుమని చెప్పు."

చేయాల్సింది కూడా సరిగ్గా అదే. భాగ్యశ్రీ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లోకి పోయి, గ్రాఫిక్స్ కార్డును వాడుకోమని చెప్పే టిక్కును తీసేసింది. సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరిచింది. సుల్తాన్‌ను పెద్దది చేసింది, చిన్నది చేసింది, ఆ మూల నుంచి ఈ మూలకు జరిపింది. ఎక్కడా ఒక్క గడి లేదు. కారు నలుపు ఒళ్ళు నిగనిగలాడుతోంది. కాకపోతే అంతా నత్తనడక. బ్రష్ గీసిన కాసేపటికి గాని రంగు రావడం లేదు.

అప్పుడే కెమెరా సంచితో ఆనందరావు వచ్చాడు. సంగతి విని నీరుగారిపోయాడు. "కొత్త కార్డు బంద్ పెట్టినవా? నిమ్మకాయ గూడ కట్టిన గదమ్మా!"

"నిమ్మకాయ తప్పేం లేదన్నా. కార్డును నడిపిచ్చే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటది, డ్రైవర్ అంటరు. గదే దీనికి పడ్తలేదు. వేరేది ఏసి చూస్త, ఫికర్ చేయకు."

ఆ డ్రైవర్‌ను తీసేసి, కార్డు కంపెనీ సైటులో అంతకు ముందు వచ్చిన పాత డ్రైవర్‌ను వెతికి వేసింది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టింది. తీసేసిన టిక్కు తిరిగి పెట్టింది. లలితమ్మ, ఆనందరావు చెరో భుజం మీదుగా వంగి చూశారు. సుల్తాన్ తెర మీద జారినట్టు కదిలాడు. గళ్ళు లేవు, ఆలస్యం లేదు.

"బస్, గిట్ల మంచిగుంది," అంది లలితమ్మ. భాగ్యశ్రీ తేలిగ్గా ఊపిరి పీల్చుకునేలోపే, "కొమ్ములు జర పెద్దగ చెయ్యి" అని కూడా అంది.

సాయంత్రం ఇంటికి పోయేసరికి కాశమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. భాగ్యశ్రీ చెప్పులు విడిచి, తల్లి ఎదురుగా చతికిలబడి, గళ్ళ సంగతి, స్టూలు సంగతి, లలితమ్మ సంగతి ఒక్క గుక్కలో చెప్పేసింది. కాశమ్మ చేతులు ఆగిపోయాయి.

"నీకేదో అయిందని నాకెరుకే."

"ఎట్లెరుకమ్మా?"

"ఇన్నొద్దులు నువ్వు నాతోని మాట్లాడ్తుంటే గొంతు గోడ దిక్కు పోతుండె. ఇయ్యాల సక్కగ నా మొహం మీదికొస్తున్నది."

అమ్మ చెప్పింది నిజం. ఆ కళ్ళలో తన రేపు కనబడుతుందని భయపడి, దసరా తర్వాత ఒక్కసారి కూడా ఆమె అమ్మ మొహం చూసి మాట్లాడలేదు. చూడలేని మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకుంది. సిగ్గుతో తల్లి చెయ్యి పట్టుకుంది.

"నేను గూడ గిట్లనే దాసిన," అంది కాశమ్మ. "మీ బాపు ఫికర్ పడ్తడని దాసి దాసి ఆలస్యం చేసిన. మిషన్ బాగయింది, మంచిదే. కండ్లు గూడ ఒకసారి డాక్టర్‌కు చూపెట్టుకో."

"రేపే చూపెట్టుకుంట. నువ్వు గూడ రా."

"నేనొచ్చి ఏం చూడాలె?"

"ఏం చూడొద్దు. నా పక్కన కూసో, చాలు."

కాశమ్మ కూతురి వేళ్లు గట్టిగా పట్టుకుంది. ఆమె పెదవుల మీదికి నవ్వొచ్చింది.

"సరే గాని, గా దున్నపోతు గళ్ళ లుంగీల ఎట్లుండెనో జర మంచిగ చెప్పు."

భాగ్యశ్రీ తల్లి మొహంలోకి సూటిగా చూస్తూ, కొమ్ముల దగ్గర నుంచి మొదలుపెట్టింది.