ఎంగిలాకు

మాల్యాద్రి నార్వే నుంచి వచ్చిన పదో రోజున కోట ఊరి నుంచి కబురొచ్చింది. సమితి ప్రెసిడెంటు కామాక్షయ్య గారు తండ్రీకొడుకులిద్దర్నీ ఆదివారం భోజనానికి రమ్మన్నారు.

తండ్రి చిన్నపోలయ్య ఆ మాట తమ జాలర్ల వాడ పట్టపుపాళెమంతా చెప్పుకొచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంటికి చేపలు వేస్తున్నవాడాయన. పండగనాడు పిలిచి దొడ్లో ఇంత పెట్టేవాళ్లు. తిన్న ఆకు తామే ఎత్తి పారేసి, కూర్చున్నచోట పేడనీళ్లు చల్లి రావాలి. ఐదో ఏటి నుంచీ మాల్యాద్రికి ఆ పని వచ్చు. నెల్లూరులో బి.ఎ. చదువుతున్న రోజుల్లోనూ తప్పలేదు.

"ఈసారి నేను ఆకు ఎత్తను నాయనా. ముందే చెప్తున్నా" అన్నాడు మాల్యాద్రి.

"నిన్నెవురు ఎత్తమంటార్రా! సర్కారోళ్లు మర పడవల పని నేర్చుకు రమ్మని సముద్రాలు దాటించినోడివి. ఆళ్లతో పాటు హాల్లోనే వేస్తారు, చూస్తుండు."

ఆదివారం పొద్దున్నే వలలో పడ్డ వంజరాల్లో పెద్దదాన్ని ఏరి గంపలో పెట్టుకుని కొడుకుతో బయల్దేరాడు ముసలాయన. గంప దొడ్లో దించి, మొదటిసారి వీధి గుమ్మం ఎక్కాడు. హాల్లో తాసిల్దారు గారూ, ఇద్దరు ముగ్గురు పెద్దరైతులూ ఉన్నారు. మాల్యాద్రికి కుర్చీ వేశారు. చిన్నపోలయ్య స్తంభం పక్కన నిలబడ్డాడు.

"ఏమబ్బాయ్, ఆ ఊరు ఎట్టుంటుందో చెప్పు, విందాం" అన్నారు కామాక్షయ్య గారు.

"ట్రాండ్‌హైమ్ అంటారండీ. పడమటి సముద్రం ఒడ్డున చల్లటి ఊరు. నడిమధ్య పెద్ద చర్చి. తొమ్మిదొందల ఏళ్ల కిందట మొదలుపెట్టిన కట్టడం. ముందుగోడ నిండా వరసలు వరసలుగా రాతి బొమ్మలు."

"మన గోపురం మాదిరా?"

"గోపురం మాదిరే. రంగులుండవు. లోపల మసక చీకటి, గుండ్రటి అద్దాల కిటికీలోంచి నేలమీద ఎర్రగా, నీలంగా వెలుగు పడతా ఉంటుంది."

"లోపలికి రానిచ్చినారా నిన్ను?"

"నువ్వెవురని ఎవురూ అడగలేదయ్యా."

తాసిల్దారు గారు సర్దుకు కూర్చున్నారు. "తిండి సంగతి చెప్పవయ్యా."

మాల్యాద్రి మొహం విప్పారింది. ఉడికించిన చేప మీద కాచిన వెన్న పోసి, ఉర్లగడ్డలతో పెడతారన్నాడు. అప్పడంలా పల్చటి రొట్టె, బెల్లం రంగు జున్ను. మనలాగే ఉప్పేసి ఎండబెట్టిన చేపను నానబెట్టి టమేటాలతో ఉడికిస్తుంటే, ఆ వాసనకు అమ్మ పొయ్యి దగ్గర ఉన్నట్టే ఉండేదన్నాడు.

"కారమో?"

"కారమే లేదండీ. నేను పట్టుకుపోయిన ఆవకాయ, నేనున్న ఇంటావిడే సగం తినేసింది. కళ్లెమ్మట నీళ్లు కారతా ఉన్నా, ఇంకొంచెం వెయ్యమనేది."

అందరూ నవ్వారు. "ఎక్కడ కూర్చోబెట్టి పెట్టేది?" అన్నారు కామాక్షయ్య గారు.

"వంటింట్లోనే అయ్యా. ఆవిడా, ఆవిడ భర్తా, నేనూ ఒకే బల్ల మీద."

ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. మొదటిరోజు తినగానే పళ్లెం పట్టుకుని, కడగడానికి పెరటి తలుపు తీశాడు. బయటంతా మంచు. ముసలావిడ పరుగున వచ్చి పళ్లెం లాక్కుని భర్తతో ఏదో అంది. ఆయన ఇంగ్లీషులో చెప్పాడు: "ఇంత మర్యాదస్తుణ్ణి చూళ్లేదంటోంది. మీ అమ్మ చక్కగా పెంచిందట." మాల్యాద్రి తల దించుకున్నాడు. అది మర్యాద కాదని ఆవిడతో చెప్పడానికి ఆరు నెలలైనా అతనికి నోరు రాలేదు.

"ఆకులు వేసినాం, లేవండి" అన్నారు లోపలి నుంచి కామాక్షయ్య గారి భార్య వెంకటశేషమ్మ గారు. అందరితో పాటు మాల్యాద్రీ లేచాడు.

"అబ్బాయ్, మీ ఇద్దరికీ అరుగు మీద వేయించినా. గాలికి బాగుంటుంది" అన్నారు కామాక్షయ్య గారు.

చిన్నపోలయ్య కొడుకు చెవిలో గుసగుసలాడాడు. "చూసినావా, దొడ్లో కాదు! వీధి అరుగు!"

మొలగొలుకుల బియ్యపు అన్నం. పొద్దున తాము తెచ్చిన వంజరమే పులుసై వచ్చి, జానెడు ఎత్తు నుంచి ఆకులో పడింది. మాల్యాద్రి తిన్నాడు. చెయ్యి కడుక్కుని మెట్టు కింద నిలబడ్డాడు. కిటికీలోంచి హాలు కనిపిస్తోంది. పనిమనిషి అక్కడి ఆకులన్నీ ఎత్తి, అరుగు దాకా వచ్చి, ఆగి, చీపురు పట్టుకుని నిలబడింది.

తాంబూలం నములుతూ కామాక్షయ్య గారు గుమ్మంలోకొచ్చారు. "ఏం పోలా, దొరల్లో తిరిగి మీవోడు మన పద్ధతులు మర్చిపోయినట్టుండాడే?" అని నవ్వారు.

"మర్చిపోలేదయ్యా. నడుం నొప్పంట." చిన్నపోలయ్య వంగి తన ఆకు మడిచాడు. తర్వాత కొడుకు ఆకు మీద చెయ్యి వేశాడు.

మాల్యాద్రి ఒక్క అంగలో అరుగెక్కి చెయ్యి చాచాడు. తండ్రి మోచేత్తో పక్కకు నెట్టాడు.

"నువ్వు ముట్టబాక. ఎత్తనన్నావు గదా."

ముసలాయన ముళ్లతో సహా రెండాకులూ పట్టుకుపోయి దిబ్బ మీద వేసొచ్చి, పనిమనిషిని పేడనీళ్లు అడిగి తీసుకుని, రెండుచోట్లా చల్లాడు.

లోపల తాసిల్దారు గారి గొంతు వినిపించింది. "ఆ చర్చి ఎన్నేళ్లదన్నాడు, తొమ్మిదొందలా?"

ఖాళీ గంప చంకన పెట్టుకుని ఇసకదారి పట్టారు. ఉప్పుటేరు దాటారు.

"మీ అమ్మతో అరుగు మీద పెట్టినారని చెప్దాం" అన్నాడు చిన్నపోలయ్య. "అంతవరకే."