ఎడమవైపు వెనక టైరు

మధ్యాహ్నం షిఫ్టు మొదలై గంటయినా కాకముందే తిలగాన్ని ఆఫీసుకు రమ్మన్నారు. ఈ వారంలో ఇది మూడోసారి. చేతులకంటిన రబ్బరు మసి కడుక్కోకుండానే వెళ్లి అద్దం తలుపు బయట నిలబడింది. బెంచీ ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు.

ఆదివారం చెన్నైలో జరిగిన కార్ల పందెంలో మూడు కార్లకు ఎడమవైపు వెనక టైరు పేలింది. భువనేశ్ అనే కుర్రాడి కారు గోడను గుద్దుకుని, అతని రెండు కాళ్లూ విరిగాయి. ఆ టైర్లు పుదుచ్చేరిలో తిలగం పనిచేసే ఫ్యాక్టరీవి. పందెం నడిపినవాళ్లు కంపెనీని తప్పుపట్టారు. జట్లవాళ్లు గాలి తక్కువ పెట్టారంది కంపెనీ. గాలి సరిగ్గానే ఉందని జట్లవాళ్లు కొలతల కాగితాలు బయటపెట్టారు. చివరికి ఆ తప్పు మెట్టు మెట్టూ దిగి, రోజుకు ఐదొందల ఇరవై రూపాయల కాంట్రాక్టు మనిషి తిలగం దగ్గర ఆగింది.

టైరు లోపల చేయి పెట్టి తడమడం తిలగం పని. పదకొండేళ్లుగా అదే. ఎక్కడ చిన్న ఉబ్బు తగిలినా సుద్దతో గీత గీసి పక్కన పెడుతుంది.

క్వాలిటీ మేనేజర్ ఫణిధర్‌ది యానాం. లోపలికి పిలిచి కుర్చీ చూపించి, రాసిపెట్టిన కాగితమొకటి ముందుకు తోశాడు.

“కూర్చోమ్మా. మనం మనం తెలుగోళ్లం, నీ మంచికే చెబుతున్నాను. దీనిమీద సంతకం పెట్టేస్తే అయిపోద్ది.”

“ఏముంది సార్ ఇందులో?”

“ఆ రోజు ఒంట్లో బాగోక సరిగ్గా చూడలేదని. రెండు నెలలు ఇంటి దగ్గరుండు. మళ్లీ నేనే పిలిపిస్తాను.”

“నేను చూసినాను గదా సార్. నలబై టైర్లకు గీత పెట్టినాను. పందెం దగ్గర పడింది, తుడిచెయ్యమని మీరే చెప్పినారు.”

“తుడిచిందెవరు?” నెమ్మదిగా అడిగాడు ఫణిధర్.

తిలగం మసి చేతులకేసి చూసుకుంది. తడిగుడ్డతో తుడిచింది తనే. అప్పుడు మనసు పీకింది గానీ చేయి ఆగలేదు. పని పోతుందని భయం. టీవీలో ఆ కుర్రాణ్ణి స్ట్రెచర్ మీద చూసినప్పటి నుంచి ఆ గుడ్డను మళ్లీ ముట్టుకోలేదు.

“నేనే” అంది.

“మరి? ఆ మాట బయటికొస్తే ముందు ఇరుక్కునేది నువ్వే.”

తిలగం లేచి నిలబడింది.

“ఇరుక్కుంటాను సార్. అయినా దీంట్లో మీరడిగే సంతకం, కైయెళుత్తు పెట్టను. చూడలేదనేది అబద్ధం. వేరే కాగితం ఇయ్యండి. నేను చూసిందీ, మీరు చెప్పిందీ, నేను తుడిచిందీ, అంతా రాస్తాను.”

“తెలుగు రాయడం వచ్చా నీకు?”

“మాట్లాడేదే. రాసేది అరవంలో.”

ఫణిధర్ కాగితం ఇవ్వలేదు. తిలగం సంతకం పెట్టమన్న కాగితాన్నే వెనక్కి తిప్పి, బల్ల అంచున వంగి, నిలబడే రాయడం మొదలుపెట్టింది. మొదటి వాక్యంలో తన పేరు రాసుకుంది. రెండో వాక్యంలో అతని పేరు సగంలో ఉండగా ఫణిధర్ కాగితం మీద అరచేయి మోపాడు.

ఆమె పెన్ను పైకెత్తలేదు.