క్యారియరమ్మ బటన్

మా ఊరికి చరిత్ర ఉందని హెడ్మాస్టరుగారు రిటైరయ్యేదాకా మాకెవరికీ తెలియదు. అంతవరకూ మాకు ఒక మిల్లు, ఆ మిల్లు దూది మింగీ మింగీ పట్టుకున్న దగ్గూ మాత్రమే ఉండేవి. మూతపడ్డ మిల్లు ఆఫీసుకి యజమాని మనవడు రంగులు వేయించి ఇచ్చాడు. హెడ్మాస్టరు దానికి 'మన ఊరి చరిత్ర గది' అని బోర్డు పెట్టించాడు. గోడ పొడుగునా బటన్లు, ఒక్కోదాని కింద ఒక్కో పేరు. నొక్కితే ఆయన కొన్నేళ్ళుగా రికార్డు చేసి పెట్టుకున్న ఊరి ముసలివాళ్ళ గొంతులో ఒక కథ వినిపిస్తుంది. ఏ కథా ఒక నిమిషం దాటకూడదని ఆయన నియమం. అంతకు మించితే జనం వినరట.

ప్రారంభం రోజు అక్కా నేనూ వెళ్ళాం. అక్కది ఇస్త్రీ కొట్టు, ఆ పక్కనే నా కుట్టు మిషను. అందరూ ఒకే బటన్ దగ్గర గుమిగూడి ఉన్నారు. కింద 'క్యారియరమ్మ' అని రాసి ఉంది. తనకి ఆ పేరుందని అక్కకి తెలియదు. అక్క ముందు ఎవరూ ఆ మాట అనకుండా ఇన్నేళ్ళూ నేను ఎంతమందితో గొడవ పడ్డానో నాకే తెలుసు. ఆ రోజు మాత్రం నా నోరు లేచేలోపే ఎవరో బటన్ నొక్కేశారు.

మా బావ మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. ఆ పనికి వేళాపాళా ఉండేది కాదు కాబట్టి సాయంత్రం సైరన్ మోగగానే అక్క అన్నం క్యారియర్ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళేది. ఒకరోజు బాయిలరు పేలింది. బావని పెట్టెలో పెట్టి, మేకులు కొట్టి ఇచ్చారు. తెరవనివ్వలేదు. మొహం చూడని మనిషి పోయాడంటే అక్క మనసు ఒప్పుకోలేదు. సైరన్ మోగితే చాలు, క్యారియర్ పట్టుకుని బయల్దేరేది. ఏడాది పైన అలాగే వెళ్ళింది. ఊరంతా పిచ్చిదని తప్పుకుపోతే, గేటు వాచ్‌మన్ ఒక్కడే నిలబడి మర్యాదగా జవాబు చెప్పేవాడట. "ఆ అన్నే లేకపోతే నేను బతికేదాన్ని కాదే" అని ఎన్నిసార్లు అందో. పోయినేడు అతను పోతే సొంత అన్న పోయినట్టు ఏడ్చింది.

ఇప్పుడు గోడలోంచి వచ్చింది ఆ అన్న గొంతే.

"రోజూ వచ్చేది. 'ఆయన వచ్చారా అన్నా?' అని అడిగేది." అక్క మాటని ఆడగొంతు పెట్టి సాగదీశాడు. "నేనేమో 'కాళ్ళూ చేతులూ కడుక్కుంటున్నాడమ్మా, వచ్చేస్తాడు' అనేవాణ్ణి. లోపల మావాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వడం! మర్నాడు చూద్దును కదా, క్యారియర్‌తో పాటు సబ్బు కూడా తెచ్చింది!"

గోడలో ఎవరో పడీ పడీ నవ్వారు. గదిలో జనమూ నవ్వారు. అక్క నా చెయ్యి పట్టుకుని, "వాళ్ళెందుకు నవ్వుతున్నారే?" అంది. ఊరందరికీ సమాధానం చెప్పే నేను అక్కని జనంలోంచి బయటికి లాక్కొచ్చేశాను.

మర్నాడే హెడ్మాస్టరు మీద నోరు పారేసుకోవడానికి వెళ్ళాను. ఆయన నొచ్చుకున్నాడు. "హేళన కాదమ్మా, ఆప్యాయత. ఊరు మీ అక్కగార్ని మర్చిపోలేదు, చూశారా?" అన్నాడు.

"మర్చిపోతే మీ సొమ్మేం పోయింది?" అన్నాను.

వెనకే వచ్చిన అక్క నన్ను ఆపింది. "దాన్ని తీసెయ్యక్కర్లేదు మాస్టారూ. నన్నూ ఒకసారి చెప్పనివ్వండి. ఆయన తాగి నిద్రపోయారని, అందుకే పేలిందని మిల్లువాళ్ళు చెప్పారు. ఊరూ నమ్మింది. ఆయన మందు ముట్టి ఎరగరు. బాయిలరు కారుతోందని ముందురోజే ఇంజినీరుకి చెప్పారు. 'భయమైతే చీర కట్టుకుని ఇంట్లో కూర్చో' అన్నాడట. ఆ ఒక్క మాటా గోడమీదికి ఎక్కితే చాలు."

"అద్భుతం! అసలు మనిషి గొంతు!" అని ఆయన పొంగిపోయాడు. "ఆ క్యారియర్ ఇంకా ఉందా? అద్దాల పెట్టెలో పెడదాం."

అక్క చెప్పబోయేదంతా ఇస్త్రీ చేస్తూ వల్లె వేసుకుంది. ఆ ధ్యాసలో ఎవరిదో చొక్కా కాలర్ మాడ్చింది. క్యారియర్ని తళతళలాడేలా తోమి తీసుకెళ్ళింది. మైకు ముందు ఆగకుండా చెప్పింది, మొదటినుంచీ, గేటు దగ్గర తను అడిగిన మాటతో సహా. హెడ్మాస్టరు కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో మా అక్క తిరిగొచ్చే దారిలో కూనిరాగం తీయడం అప్పుడే విన్నాను.

కొత్త రికార్డు వినడానికి యజమాని మనవడు కూడా వచ్చాడు. హెడ్మాస్టరు తనే బటన్ నొక్కాడు.

"ఆయన వచ్చారా అన్నా?"

అక్క గొంతే. ఆ వెంటనే వాచ్‌మన్: "కాళ్ళూ చేతులూ కడుక్కుంటున్నాడమ్మా, వచ్చేస్తాడు." ఆ తర్వాత సబ్బు, నవ్వు. అంతే.

"మిగతాది ఏదీ?" అని అరిచాను.

"ఒక్క నిమిషం నియమం కదమ్మా." ఆయన కళ్ళు మనవడి వైపు వెళ్ళి వచ్చాయి. "పైగా చరిత్రలోకి వివాదాలెందుకు? పాపం, వాచ్‌మన్ ఆడగొంతు పెట్టి అవస్థ పడ్డాడు. ఇప్పుడు ఎంత సహజంగా అతికిందో చూడండి."

"మా అక్క చెప్పిందంతా దాచి ఉంచారా?"

"ఎక్కడ దాస్తామమ్మా? పనికొచ్చింది తీసుకుని చెరిపేశాం." తప్పు చేశాననే బెదురు ఆయన మొహంలో రవ్వంత లేదు.

అక్క మా మాటలు వినడం లేదు. అద్దాల పెట్టె ముందు నిలబడింది. లోపల మా క్యారియర్, దాని పక్కన ఒక కొత్త సబ్బు. కాగితం కూడా సరిగ్గా విప్పలేదు.

"ఇది మేం వాడే సబ్బు కాదు మాస్టారూ" అంది.

"పర్లేదమ్మా, చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది?" అని ఆయన మనవడికి గది చూపించడానికి వెళ్ళిపోయాడు.

మా వెనక ఎవరో మళ్ళీ బటన్ నొక్కారు. 'ఆయన వచ్చారా అన్నా?' అని అక్క గొంతు అడిగింది. జవాబు రాకముందే అక్క గది దాటింది.