సత్తు తపేలా కింద చుక్క

బోటు ముక్కు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, బుడాన్ పాత టూత్‌బ్రష్షుతో తీగల చుట్టూ పేరుకున్న ఉప్పును గీకుతున్నాడు. తూరుపు ఇంకా సరిగా తెల్లబడలేదు. నోట్లో చిన్న టార్చిలైటు, ఒళ్లో స్క్రూడ్రైవర్లు. సముద్రపు గాలికి రాగి తీగ బతికి బట్టకట్టదు, నాలుగు రోజులు చూడకపోతే పచ్చగా చిలుము పడుతుంది. ఆ చిలుము గీకడమే బుడాన్ పనిలో సగం.

మిగతా సగం చూడటం. కొత్తపట్నం అవతల ఆ పాలెంలో ప్రతి ఫైబర్ బోటుకీ ఇప్పుడొక తెల్లటి డబ్బా ఉంది. ట్రాన్స్‌పాండర్ అని దాని అసలు పేరు. ఆ పేరు పాలెంలో ఎవరి నోటా తిరగలేదు కాబట్టి చుక్కడబ్బా అన్నారు. బోటు ఎక్కడుందో అది ఉపగ్రహానికి చెబుతుంది, ఉపగ్రహం చెప్పింది ఒడ్డు మీద ఫోన్లలో పచ్చ చుక్కై కనబడుతుంది. మత్స్యకారుల సంఘం వాళ్లు ఆ యాప్‌ని ఇంటింటా ఎక్కించారు. ఆడవాళ్లు పొయ్యి మీద కూర పెట్టి, మొగుడి చుక్క ఎటు తిరిగిందో చూసి ఉప్పు వేసుకునే రోజులొచ్చాయి.

బుడాన్ వాళ్లది ప్రత్తిపాడు. తండ్రి దూదేకే విల్లు భుజాన వేసుకుని పత్తి ఊళ్లన్నీ తిరిగి పరుపులు కుట్టేవాడు. విల్లుకు పని పోయాక కొడుకు ఒంగోలులో సెల్‌ఫోన్ల రిపేరు నేర్చుకున్నాడు. షమీమ్‌ని చేసుకుని, ఆమె పుట్టింటివైపు వచ్చి, పాలెం మొగలో షాపు పెట్టాడు. సముద్రం మీదికి మాత్రం వెళ్లడు. ఒక్కసారి సరదాపడి ఎక్కి, అలలు దాటకుండానే కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. ఆ ముచ్చట పాలెంలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. అయినా ఏ బోటు ఎక్కడ వల వేస్తుందో, ఎక్కడ పడుకుంటుందో, ఎవరిది ఎవరి వెనకాల దొంగచాటుగా పోతుందో అందరికంటే అతనికే ఎక్కువ తెలుసు. ఒక్క యలమందయ్య సంగతి తప్ప.

"అయిందా, ఇంకా నాకుతున్నావా?" అన్నాడు యలమందయ్య, బోటు పక్కన నిలబడి. పొట్టి మనిషి. ఎండకి నల్లబడి, ఉప్పుకి బిగుసుకుపోయిన ఒళ్లు. కుడిచేతి చూపుడు వేలు మీద గాలం తాడు కోసిన గాడి లోతుగా ఉంది. పాలెమంతా వలల మీదికి పోయినా అతనింకా గాలమే వేస్తాడు, ఒంటరిగా పోతాడు. వచ్చేటప్పుడు అతని బోటులో ఉండే వంజరాలు, పండుగప్పలు చూస్తే వలలవాళ్లకి ఒళ్లు మండిపోతుంది.

"అయింది బాబాయ్. ఇవాళైనా మూత పెట్టకుండా పోరాదూ?"

యలమందయ్య బోటులోకి వంగాడు. బోటులోంచి సత్తు తపేలా తీసి, దుమ్ము దులిపి, మళ్లీ జాగ్రత్తగా దాచాడు.

ఆ తపేలా కథ పాలెంలో అందరికీ తెలుసు. డబ్బా బిగించినరోజు యలమందయ్య రుసరుసలాడాడు. "నా చోటు నాది. పటంలో పెట్టి పంచడానికి మీరెవర్రా?" అన్నాడు. డబ్బా లేకపోతే బోటు కదలకూడదన్నారు సంఘం వాళ్లు. సరేనని ఊరుకున్నాడు. మర్నాడు బోటు కొంతదూరం పోయాక చుక్క ఆరిపోయింది. అతని భార్య సుబ్బరావమ్మ తన అన్నం తపేలా కనబడటంలేదని వీధిలో కేకలు పెట్టాక గానీ కిటుకు బయటపడలేదు. ముసలాయన తన చోటు దగ్గరపడగానే తపేలాని డబ్బా మీద బోర్లిస్తాడు. తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు కనబడ్డాక తీస్తాడు.

బుడాన్‌కి ఆ రోజు కోపం రాలేదు, నిద్ర రాలేదు. షమీమ్ వంటింట్లోని గిన్నెలన్నీ షాపులోకి తెచ్చి, ఒక పాత డబ్బా మీద ఒక్కొక్కటే బోర్లించి చూశాడు. ప్లాస్టిక్ బకెట్టుకి ఆరలేదు. మట్టి కుండకి ఆరలేదు. సత్తు గిన్నె పెట్టగానే టక్కున ఆరింది. "గిన్నెలకి పరీక్షలు పెట్టే మొగుడు నాకే దొరకాలా?" అని షమీమ్ నెత్తి కొట్టుకుంది.

తర్వాత అతనూ యలమందయ్యా ఒక ఒప్పందానికి వచ్చారు. "నీ చోటు నాకొద్దు బాబాయ్. ఒంట్లో బాగోకపోయినా, ఇంజను ఆగినా తపేలా తీసెయ్. చాలు," అన్నాడు బుడాన్. ఆపదకి ఎర్రబొత్తాం ఉందిగా అని ఎవరైనా అడగొచ్చు. ఆ బొత్తాన్ని పిల్లలు ఆడుకుంటూ నొక్కారు, చేపల బుట్టలు ఆని నొక్కుకుంది, తాగి ఒకడు పందెం కాసి నొక్కాడు. ఇప్పుడది మోగితే పాలెంలో జనం ఫోను గొంతు నొక్కేసి, తినే అన్నం తినేస్తున్నారు.

నీ చోటు నాకొద్దన్నాడే గానీ, బుడాన్‌కి ఆ చోటు కావాలి. చేపలకోసం కాదు. పటం నిండా చుక్కలున్నా, ఆ ఒక్క ఖాళీ అతన్ని పంటికింద రాయిలా వేధిస్తోంది.

"ఒరే అబ్బాయ్, మీ షాపు వెనకాల పగిలిన రోలుందే, అది ఇస్తావా?" అన్నాడు యలమందయ్య ఉన్నట్టుండి.

అది బుడాన్ తల్లిది. ప్రత్తిపాడులో ఇల్లు వదిలినప్పుడు తెచ్చింది. ఏటా కొత్త మిరపకాయలు దంచిన రోలు, గుంట అరిగి నున్నగా అద్దంలా ఉంటుంది. మిక్సీ వచ్చాక మూలపడి, తర్వాత పగిలి, ఇప్పుడు కాళ్లు కడుక్కునే రాయైంది.

"ఏం చేసుకుంటావు బాబాయ్ ఈ రోళ్లన్నీ?"

"ఇల్లు కడుతున్నా."

ఆ మాట పాలెం ఎన్నో ఏళ్లుగా వింటోంది. సుబ్బరావమ్మ ట్రక్కు ఆటోలో ఎండుచేపలు వేసుకుని మిరప ఊళ్లకు పోతుంది. వచ్చేటప్పుడు ఖాళీ బుట్టల మధ్య పగిలిన రోళ్లు, తిరగళ్లు, బావి ఒరల ముక్కలు తెస్తుంది. ఇప్పుడు ఏ ఇంట్లోనూ వాటితో పనిలేదు, తీసుకుపొమ్మంటారు. యలమందయ్య దొడ్లో ఆ గుట్ట పెరుగుతుంది, తరుగుతుంది, మళ్లీ పెరుగుతుంది. ఇల్లు మాత్రం లేవలేదు. ఇంకా ఆ రేకుల పాకే. ముసలాయనకి కాస్త తిరిగిందని జనం తేల్చేశారు.

షమీమ్‌ని అడిగితే, "ఇచ్చెయ్, దాన్ని తన్నుకుని నా బొటనవేలు పచ్చడైంది," అంది. బుడానూ యలమందయ్యా రోలుకి మోకు కట్టి, వెదురుబొంగు దూర్చి, చెరోవైపు భుజాన వేసుకుని మోసుకొచ్చి బోటులో పెట్టారు. యలమందయ్య దాని గుంటలోకి చెయ్యిపోనిచ్చి తడిమాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంకా ఘాటుందిరోయ్," అని తుమ్మి నవ్వాడు. బుడాన్ కూడా నవ్వాడు. అమ్మ గుర్తొచ్చింది.

బోటు అలలు దాటింది. ఫోనులో చుక్క తూరుపుకి నడిచింది. చిలుము చేతులు తుడుచుకుని బుడాన్ షాపు తీసేసరికి ఆరిపోయింది.

ఆ తర్వాత అంతా మామూలే. నీళ్లలో పడిన ఫోనొకటి విప్పి బియ్యంలో పెట్టాడు. ఒకావిడ ఫోనులో అల్లుడి ఫొటో పోయిందని ఏడిస్తే వెతికిపెట్టాడు. పొద్దెక్కేసరికి చుక్కలన్నీ ఒక్కొక్కటే ఒడ్డుకి చేరాయి. సాయిగణేష్ వచ్చి చార్జరు కొన్నాడు. కుర్రవాళ్లలో పెద్ద బోటు అతనిదే, ముసలాయన చోటు మీద పెద్ద ఆశా అతనిదే. ఎన్నోసార్లు వెంటపడ్డాడు. వెంటపడినప్పుడల్లా యలమందయ్య ఇంజను ఆపి, బీడీ ముట్టించి, ఇతను విసిగిపోయేదాకా కదలకుండా కూర్చునేవాడు.

"నువ్వన్నా చెప్పు బుడానన్నా. ఆ ముసలోడు ఎక్కడికి పోతాడు?"

"నాకు తెలిస్తే నేనిక్కడ బియ్యంలో ఫోన్లు ఎందుకు పాతుతానురా?"

ఎండ నడినెత్తికొచ్చింది. ఎండుచేపలు అమ్ముకుని వచ్చిన సుబ్బరావమ్మ ఖాళీ గంప పట్టుకునే షాపు మెట్లెక్కింది. ఎప్పుడూ ఆమెకంటే ముందే యలమందయ్య ఇంట్లో ఉంటాడు.

"మీ బాబాయి చుక్క ఉందేమో చూడు బుడానూ."

"లేదు పిన్నీ. మూత తియ్యలేదు."

ఆమె మెట్టు మీదే కూర్చుంది. షమీమ్ మంచినీళ్లిచ్చింది. బుడాన్ మరో ఫోను విప్పుతున్నాడు గానీ, చూపు పటం మీదే ఉంది. ఆమె నీళ్లు సగం తాగిందో లేదో, పటంలో పచ్చ చుక్క వెలిగింది.

"వచ్చింది పిన్నీ!" అన్నాడు.

ఆమె మొహం విప్పారింది. "హమ్మయ్య. అన్నం వార్చలేదు ఇంకా," అంటూ లేచింది. బుడాన్ మాత్రం నవ్వలేదు. ఆ చుక్క ఒడ్డు దగ్గర లేదు. ఎవరూ వలలు వెయ్యని ఖాళీలో, నడిమధ్యన ఉంది. కదలడం లేదు. చూస్తూ కూర్చున్నారు. కదలలేదు. సుబ్బరావమ్మ మళ్లీ కూలబడింది. ఒప్పందం సంగతి ఆమెకీ తెలుసు.

ఒడ్డున అప్పుడే గోల లేచింది.

"దొరికింది రోయ్! ముసలోడి చోటు దొరికింది!"

"మూత మర్చిపోయాడ్రా! పట్టండి, వలలు ఎక్కించండి!"

అందరి ఫోన్లలోనూ అదే చుక్క. తింటున్నవాళ్లు చేతులు కడుక్కోకుండా లేచారు. ఇంజన్లు ఒకదాని వెంట ఒకటి దగ్గాయి. బుడాన్‌కి ఒళ్లు మండింది. మనిషి ఆపదలో ఉన్నాడురా అని అరవబోతూ బయటికి పరిగెత్తాడు. సుబ్బరావమ్మ అతని చొక్కా పట్టుకుని ఆపింది.

"చెప్పకు. ఆపదంటే సగంమంది ఆగిపోతారు. చోటు కోసమే పోనీ. తొందరగా పోతారు."

 ఆయన అన్నేళ్లు దాచినదాన్ని ఆమె ఆ ఒక్క మాటతో ఊరికిచ్చేసింది.

బుడాన్ సాయిగణేష్ బోటులోకి దూకాడు. సాయిగణేష్ వింతగా చూశాడు. "నువ్వా! కక్కుతావు!"

"కక్కుతా. పోనియ్."

కక్కాడు కూడా. అలలు దాటేటప్పుడు ఒకసారి, దాటాక ఇంకోసారి. ఒడ్డు సన్నటి గీతైపోయింది. ఒక చేత్తో బోటు అంచు, ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండు చుక్కలు దగ్గరపడటం చూస్తూ కూర్చున్నాడు. ఎంతోకాలంగా చూడాలనుకున్న చోటు. ఇలా చూడాలని మాత్రం అనుకోలేదు.

యలమందయ్య బోటు నీళ్లమీద మెల్లగా ఊగుతోంది. ఇంజను ఆపి ఉంది. అతను రోలువైపు ఒక చెయ్యి చాచి, డబ్బా పక్కన తల ఆనించి పడుకున్నాడు. సాయిగణేష్ దూకి, ముక్కు దగ్గర వేలు పెట్టి, మెడ తడిమి, తలెత్తి బుడాన్ వైపు చూశాడు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. రోలు సగం లేచి బోటు అంచు మీదికి ఒరిగి ఉంది. ఒంటరిగా దాన్ని ఎత్తబోయాడు. ఎత్తబోయి గుండె పట్టుకుని ఉంటాడు. తర్వాత ఎలాగో డబ్బాదాకా పాకి, తపేలా తోసేశాడు.

తక్కిన బోట్లు చుట్టూ చేరాయి. వలలు చేతుల్లోనే ఉండిపోయాయి.

సాయిగణేష్‌కి ఏమనిపించిందో, ముసలాయన గాలం తాడుని సీసపు గుండుతో సహా నీళ్లలోకి వదిలాడు. తాడు వేళ్ల మధ్య నిలబెట్టి ఆడించాడు. "రాయి," అన్నాడు. "మన సముద్రంలో అడుగంతా ఒండ్రే కదన్నా. ఇక్కడ రాయెక్కడిది?" కొంచెం పక్కన వదిలాడు. మళ్లీ రాయే. ఇంకొంచెం పక్కన వదిలితే మెత్తటి ఒండ్రు. మళ్లీ ఇటు తెస్తే రాయి.

బుడాన్ మోకు కట్టిన రోలువైపు చూశాడు. దొడ్లో పెరిగి తరిగే గుట్ట కళ్లముందు కదిలింది.

"రోళ్లురా," అన్నాడు. "అన్నీ రోళ్లే. తిరగళ్లు, ఒరలు. ఇల్లు కడుతున్నా అన్నాడు, మనం నవ్వాం."

మిరప ఊళ్ల రోళ్లన్నీ అక్కడున్నాయి. వాటి సందుల్లో చేపలు కాపురాలు పెట్టాయి. మన కళ్లముందే ఒక మనిషి సముద్రం అడుగున ఊరు కడుతుంటే, తిక్కలోడని నవ్విన నోళ్లన్నీ ఆ పూట మూతపడ్డాయి. బుడాన్‌కి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

వెనక బోటులో ఎవడో వల సర్దుకోబోతే సాయిగణేష్ వెనక్కి తిరిగాడు. "లోపల పెట్టరా వల. రాళ్లకి చిరుగుతుంది. ఇక్కడ గాలమే. ఎవడికైనా గాలమే." వలలు లోపలికి పోయాయి.

తర్వాత అతనూ బుడానూ కలిసి రోలుని ఎత్తారు. బుడాన్ దాని గుంటలో ఒకసారి చెయ్యి పెట్టి తీశాడు. మోకు వదులుతూ వదులుతూ కిందికి దించారు. అడుగున ఎక్కడో రాయికి రాయి ఆనినట్టు మోకులో చిన్న కుదుపు తెలిసింది.

పాలెమంతా ఒడ్డుకి వచ్చింది. సుబ్బరావమ్మ ఏడవకుండా నీళ్లలోకి నడిచొచ్చింది. మొగుడి మొహం మీది ఉప్పు కొంగుతో తుడిచింది. ఖాళీ బోటులోకి చూసి, బుడాన్‌ని అడిగింది.

"రోలు దించాడా?"

"దించాడు పిన్నీ," అన్నాడు బుడాన్.

ఆమె తలూపింది. అప్పుడు ఏడ్చింది.

యలమందయ్యని మోసుకుపోయారు. జనం వెనకే పోయారు. ఇసుక మీదికి లాగిన బోటు ఒక పక్కకి ఒరిగి ఉంది. డబ్బా మీద పచ్చ దీపం వెలుగుతోంది, ఆరుతోంది. దాని పక్కనే, తోసినప్పుడు సొట్టపడ్డ సత్తు తపేలా వెల్లకిలా పడి ఉంది, అడుగున గుక్కెడు సముద్రపు నీళ్లతో.