మసి పలక మీద గీత

కునిగుండ పనంతా మసితోనే. గాజు పలకను దీపం పొగ మీద ఆడించి నల్లగా మసి పట్టించాలి. దాని మీద గీసిన గీత బాగుంటే చెరగకుండా లక్క పోసి ఆరబెట్టాలి, చెడితే గుడ్డతో తుడిచేయాలి. మైన్ నది ఒడ్డున ఒక ప్రయోగశాలలో పదకొండేళ్ళుగా ఆమె చేస్తున్నది ఇదే.

గీత గీసేది సూది. చేతి కండరం బిగుసుకుంటే ఎంత ఉబ్బుతుందో చూపించే పరికరం అది. చదువుకున్నవాళ్ళు మయోస్కోప్ అంటారు గానీ పనివాళ్ళకు అది సూదే. దాని కింద చెయ్యి పెట్టి, గీత తిన్నగా వచ్చేలా పిడిని ఒకే పట్టున పట్టుకుని కూర్చునేది కునిగుండ మొగుడు ఫైట్. అతను మరమ్మతుల మనిషే అయినా, అంత నిలకడ ఇంకెవరికీ లేదని ప్రొఫెసర్ రేబైన్ గారు అతన్నే కూర్చోబెట్టేవారు. "ఇంట్లోనూ ఇంతేనండీ, ఉలకడు పలకడు," అని కునిగుండ దెప్పేది.

ఫైట్ పోయి తొమ్మిది రోజులైంది. వంతెన మీద నడుస్తూ నడుస్తూనే కుప్పకూలాడు. కునిగుండ ఏడవలేదు. పాతిపెట్టిన మర్నాడే పనిలోకి వచ్చింది. జనం నానా మాటలూ అన్నారు, అననీ. ఆమెకు తిన్న రొట్టె రుచి తెలియడం లేదు, పలకరింపులు గోడ అవతలివిలా వినిపిస్తున్నాయి. ఏడుపు రానందుకు సిగ్గు కూడా వేయడం లేదు.

ఆ పొద్దున రేబైన్ గారు అరలోంచి ఒక పలక తీసి కిటికీ వెలుగులో చూశారు. ఫైట్ చివరిసారి కూర్చున్నప్పటిది. దానికింకా లక్క పోయలేదు.

"ఇది పనికిరాదమ్మా. ఇదిగో, ఇక్కడ గీత ఎగిరింది. తుడిచెయ్."

కునిగుండ ఆ చోటు చూసింది. ఆ రోజు తను తలుపు తీసి, "సూప్ చల్లారిపోతోంది, ఇంకెంతసేపయ్యా?" అంది. ఫైట్ తల కూడా తిప్పలేదు. ఒళ్ళు మండి వెళ్ళిపోయింది. తన మాట అతను చెవిన పెట్టలేదనే ఇన్నాళ్ళూ అనుకుంది.

"అయ్యగారూ, ఇది నాకిచ్చెయ్యండి."

"చెడిపోయిన పలకతో ఏం చేసుకుంటావు?"

"అది ఎగిరింది నా గొంతు వినేనండీ."

రేబైన్ గారు పలకను ఆమె చేతికిచ్చారు. "తీసుకెళ్ళి లక్క పోసుకో," అన్నారు.

వెనక గదిలో బల్ల మీద పలక పెట్టి లక్క సీసా మూత తీసింది. గుమ్మంలోంచి సామాన్ల గది లోరెంజ్ కేకేశాడు. "వదినా, కొత్త పలకలెన్ని కావాలి?"

"ఆరు చాలు," అంది అటు తిరిగి.

మళ్ళీ ఇటు తిరిగేసరికి చేతిలో గుడ్డ ఉంది. పలక తేటగా ఉంది, దాని కింద బల్ల మీది గీతలు కనిపిస్తున్నాయి. చెడిన పలకను తుడవడం పదకొండేళ్ళ అలవాటు. చెయ్యి తన పని తాను చేసేసింది.

గుడ్డ విప్పి చూసింది. ఎన్ని పలకల మసో దాని మీద ఉంది. ఫైట్‌ది ఏదో ఎలా తెలుస్తుంది? మడిచి పక్కన పెట్టి, అదే పలకను దీపం మీద ఆడించడం మొదలుపెట్టింది.

పాఠం వేళయింది, చదువుకునే కుర్రాళ్ళు వచ్చి కూర్చున్నారు. సూది దగ్గర కూర్చునేవాళ్ళు లేక రేబైన్ గారు తటపటాయిస్తుంటే కునిగుండ పలక తెచ్చి బిగించి, "నేను కూర్చుంటానండీ," అంది. చెయ్యి పెట్టి పిడి పట్టుకుంది. సూది కదిలింది.

సగంలో ఉండగా లోరెంజ్ తలుపు తీశాడు. కుర్రాళ్ళు ఉష్ అన్నా వినలేదు. "వదినా, ఫైట్ టోపీ ఇంకా మా గదిలో మేకుకే వేలాడుతోంది. ఇంటికెళ్ళేప్పుడు పట్టుకెళ్ళు."

అందరూ సూది వైపే చూశారు.

రేబైన్ గారు పలక విప్పి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, లోరెంజ్ ఫైట్ పేరెత్తిన చోట కూడా, గీత తిన్నగా ఉంది.

"ఇంత మంచి గీత ఫైట్ కూడా ఎప్పుడూ ఇవ్వలేదమ్మా," అన్నారు మెల్లగా.

కునిగుండ పలక అందుకుని వెనక గదికి వెళ్ళి దాని మీద లక్క పోసింది.