పొద్దుటి చేతులు

దర్జీ అక్క కత్తెరను ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఆ కొట్టులో అది రాయని చట్టం. కుట్టడం చెల్లెలి వంతు, కోయడం అక్క వంతు. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే బట్ట పోయినట్టేనని ఆమె లెక్క.

అలాంటి మనిషికి కొన్నాళ్లుగా తెల్లవారితే పిడికిలి బిగియడం లేదు. రెండు చేతుల కణుపులూ వాచి, పొద్దెక్కేదాకా జడ అల్లుకోవడానికైనా వేళ్లు లొంగేవి కావు. వేడినీళ్ల బేసిన్‌లో చేతులు నానబెట్టి, ఒక్కో వేలూ సాగదీసుకుని, అప్పుడు కొట్టు తెరిచేది. ఇన్నేళ్ల పనికి అరిగిపోయాయిలే అని తనకు తానే సర్దిచెప్పుకునేది.

చెల్లెలు పోరగా పోరగా ఒకసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. సాయంత్రం పూట, చేతులు నానబెట్టుకుని, పెళ్లికి వెళ్లినట్టు ముస్తాబై మరీ వెళ్లింది. ఇస్త్రీ చేయకుండా ఏ బట్టా ఎవరికీ చూపించి ఎరగదు మరి. డాక్టరమ్మ ఆడించమన్న వేళ్లన్నీ ఆడాయి. "కాస్త నొప్పి, అంతేనండీ," అంది ఈవిడ. నొప్పి మాత్రలు రాయించుకుని, గెలిచినట్టు ఇంటికొచ్చింది. ఎవరి మీద గెలిచిందో ఆ మొండిఘటానికే తెలియాలి.

ఏడాది తిరిగేసరికి కుడిచేతి వేళ్లు రెండు పక్కకు ఒరిగిపోయాయి. ఒక ఉదయం కత్తెర చేజారి నేల మీద పడింది. చెల్లెలు బేసిన్‌లో నీళ్లు పారబోసి, అక్కను చెదిరిన జుట్టుతో ఉన్నపళంగా ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"పిడికిలి బిగించండమ్మా," అంది డాక్టరమ్మ.

బిగియలేదు.

"పోయినసారి ఇలా లేవే?"

"వేడినీళ్లలో నానబెట్టుకుని వచ్చిందండీ," అంది చెల్లెలు. అక్క తల దించుకుంది.

రక్తపరీక్షలూ ఎక్స్‌రేలూ వచ్చాక డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఇది అరుగుదల కాదమ్మా, రుమటాయిడ్ కీళ్లవాతం. ఒంటిని కాపాడాల్సిన శక్తే కీళ్ల మీద పడుతోంది. కంచే చేను మేస్తోందన్నమాట. జబ్బును అదుపులో పెట్టే మాత్ర రాస్తున్నా. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, పొరపాటున కూడా రోజూ వేసుకోకండి. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. తగ్గింది కదాని మీ అంతట మీరు మానెయ్యొద్దు. మధ్యమధ్యలో రక్తపరీక్ష తప్పదు."

"ఈ రెండు వేళ్లూ?" అడిగింది అక్క.

"అవి ఇక తిన్నగా కావమ్మా. మిగతావి కాపాడుకుందాం."

"అప్పుడే పొద్దున పూట వచ్చుంటే?"

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. "ఇంతదాకా వచ్చేది కాదేమో," అంది.

దారిలో అక్క ఏడ్చింది. చెల్లెలు ఊరుకోమనలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె చేతులు నానబెట్టుకోకుండానే కొట్టు తెరిచింది. బల్ల మీద బట్ట పరిచి, సుద్దముక్కను అరచేతిలో ఇరికించుకుని, వంకర లేకుండా గీత గీసింది. గీయడానికి చాలాసేపు పట్టింది. తర్వాత కత్తెరను చెల్లెలి వైపు జరిపింది.

"నేనా అక్కా? కోత తప్పితే?"

"గీత నాదేగా. దాని మీదుగానే కొయ్యి," అంది అక్క. బట్ట కదలకుండా, ముడుచుకోని తన చేతిని దాని మీద ఆనించి పట్టుకుంది.